బ్యాటరీల దగ్గర పాళీ

బార్డోలీ దాటి నాలుగు కిలోమీటర్లు పోతే చెరకు తప్ప ఇంకేమీ కనబడదు. ఆ రోజు మా పని అక్కడ పడింది. పొద్దున ఏడింటికల్లా టెంపోను గట్టు మీద ఆపి, దాని పక్కన నాలుగు కర్రలు పాతి టార్పాలిన్ కట్టాం. దాని కింద ఒక స్టూలు, ఒక ఫ్యాను, రెండు ఇసుక బకెట్లు, చార్జరు, ఎనిమిది బ్యాటరీలు. జనరేటర్‌ను కాస్త ఎడంగా పెట్టాం. భయపడటానికి అక్కడ ఏమీ లేదు. ఎండ కాస్తోంది, చెరకు ఆకులు కదలడం లేదు, దూరంగా ఎవరో ట్రాక్టర్ నడుపుతున్నారు.

నా పేరు కమలాకర్. మాది సిరిసిల్ల వైపు. పదిహేనో ఏట సూరత్ వచ్చి ఇరవై ఆరేళ్లు సాంచాలు నడిపాను. సాంచా అంటే మరమగ్గం. మా సేఠ్ వాటిని తుక్కు కింద అమ్మేసి, డ్రోన్లు కొని, చెరకు తోటలకు మందు కొట్టే ధంధా మొదలుపెట్టాడు. మమ్మల్ని తుక్కులో వేయలేదు, అదే పదివేలు. డ్రోన్ ఎగరేసేది మా అమ్మాయి హారతి. ఇరవై రెండేళ్లది, పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకుంది. కూతురు ఎగరేస్తే తండ్రి బ్యాటరీలు మోస్తాడని మా భేస్తాన్ గల్లీలో అందరూ నన్ను ఆటపట్టిస్తారు. పట్టించనీ. దాన్ని ఒక్కనాడూ సాంచాల షెడ్డు గడప తొక్కనివ్వలేదు నేను. ఈ బతుకులో గట్టిగా పట్టుబట్టి సాధించింది అదొక్కటే.

బ్యాటరీల పని చూడటానికి కూర్చునే పనే. డ్రోన్ పది నిమిషాలు ఎగిరి దిగుతుంది. దిగినప్పుడు బ్యాటరీలు కాలిపోతుంటాయి. వెంటనే చార్జింగ్ పెట్టకూడదు. ఫ్యాను ముందు పెట్టి, కాసేపయ్యాక అరచెయ్యి ఆనించి చూడాలి. చెయ్యి హాయిగా నిలబడితే అప్పుడు చార్జరుకు తగిలించాలి. తగిలించాక అక్కడి నుంచి కదలకూడదు. ఏదైనా ఉబ్బినా, తీపి తీపిగా వాసన వచ్చినా తీసి ఇసుకలో పాతెయ్యాలి. సాయంత్రం షెడ్డుకు తెచ్చాక కూడా నిండుగా ఉంచకూడదు, ఖాళీగానూ ఉంచకూడదు. సగం చార్జికి తెచ్చి దాచాలి. అది అయ్యేదాకా పక్కన ఒక మనిషి ఉండాలి.

ఇక్కడే మా అలవాటు ఒకటి చెప్పాలి. సాంచాల మోతలో మాట వినబడదు. అందుకని పాళీ మారేటప్పుడు, అంటే ఒకడి షిఫ్టు అయిపోయి ఇంకొకడు ఎక్కేటప్పుడు, వచ్చినవాడు వెనక నుంచి కుడి భుజం మీద రెండుసార్లు తడతాడు. అంతే. పనిలో ఉన్నవాడు వెనక్కి చూడడు. దారం మీంచి చూపు తీయకుండానే పక్కకు జరిగి వెళ్లిపోతాడు. సాంచా ఆగదు. అయితే తట్టేదాకా మాత్రం కదలడు. ఒంటేలుకు పోవాల్సి వచ్చినా బిగబట్టుకుని నిలబడతాడు. సాంచాలు పోయాయి కానీ ఆ అలవాటు మాతోపాటు బ్యాటరీల దగ్గరికి వచ్చింది.

నా జోడీ బిక్షపతి. ఇరవై ఏళ్లు ఒకే సాంచా, ఒకే గది, ఒకే మంచం. నేను లేస్తే వాడు పడుకునేవాడు. ఒకరి మొహం ఒకరం సరిగ్గా చూసుకున్నది పండగ రోజుల్లోనే.

కిందటి శ్రావణంలో వాడు పోయాడు. భేస్తాన్ షెడ్డులో, పట్టపగలు. బ్యాటరీల దగ్గర వాడు కూర్చున్నాడు. రెండింటికి నేను వెళ్లి వాణ్ని లేపాలి. అన్నం తిని కాస్త నడుం వాల్చాను. లేచేసరికి నాలుగైంది. మూడింటికే బ్యాటరీ అంటుకుందట. తలుపు తెరిచే ఉంది. స్టూలు నుంచి తలుపు దాకా నాలుగు అడుగులు. బిక్షపతి స్టూలు మీదే ఉన్నాడు. ఈ మనిషి ఎందుకు బయటికి రాలేదని పోలీసులు అడిగారు, సేఠ్ అడిగాడు, వాడి పెళ్లాం మంగ అడిగింది. తెలియదన్నాను. నాకు తెలుసు. నేను వెళ్లి భుజం తట్టలేదు, అందుకని లేవలేదు.

నాకు ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాలేదు. ఎండు కట్టెలా తిరుగుతున్నానని మా ఆవిడ లలితమ్మ తిడుతుంది. తిండి రుచి తెలియదు, ఎండ తెలియదు. పని మాత్రం చేస్తాను.

సరే, ఆ రోజు సంగతి.

మధ్యాహ్నం పన్నెండున్నర దాటింది. హారతి తోట అవతలి కొసన డ్రోన్ ఎగరేస్తోంది. సోమలింగం మందు కలిపి ట్యాంకు నింపి, చేతులు కడుక్కుని తినొస్తానని బోరు దిక్కు పోయాడు. టెంపో నడిపేదీ మందు కలిపేదీ అతనే. అతనూ పాత సాంచాల మనిషే. నేను స్టూలు మీద కూర్చున్నాను. చార్జరుకు రెండు బ్యాటరీలు తగిలించి ఉన్నాయి. జనరేటర్ మోతలో నాకు ఇంకేదీ వినబడటం లేదు. చార్జరు తెర మీద అంకెలు ఒక్కొక్కటే పెరుగుతున్నాయి.

అప్పుడు కుడి భుజం మీద రెండుసార్లు తట్టారు.

లేచాను. పక్కకు జరిగి నడిచాను. వెనక్కి చూడలేదు. చూడాలన్న ఆలోచనే రాలేదు. సోమలింగం తినొచ్చాడు, ఇక నా వంతు అనుకున్నాను. గట్టు మీద నుంచి రెండు వందల అడుగులు వేసి బోరు గది దగ్గరికి పోయాను.

గది నీడలో సోమలింగం కూర్చున్నాడు. ఒళ్లో టిఫిన్ డబ్బా ఉంది. రొట్టె సగమే తిన్నాడు.

నన్ను చూసి నమలడం ఆపాడు.

"అన్నా, బ్యాటరీల కాడ ఎవలున్నరు?"

"నువ్వే గదా..." అన్నాను.

"నేనేంది?"

"వచ్చి తట్టినవ్ గదా."

"నేనీడికెల్లి లేవనే లేదు."

అతని చేతిలో రొట్టె ముక్క అలాగే ఉంది.

"హారతేది?" అన్నాను.

"డ్రోన్ దించి నీ దిక్కే పోయింది. ఇప్పుడే, నా ముంగటికెల్లే చెరకు నడుమకెల్లి పోయింది."

అప్పుడే జనరేటర్ ఆగిపోయింది.

అంతసేపూ చెవుల్లో నిండిన మోత ఒక్కసారి పోయేసరికి తోటంతా బోసిపోయింది. ట్రాక్టర్ చప్పుడు కూడా లేదు. పిట్ట లేదు. ఆ నిశ్శబ్దంలో, గట్టు మీద నుంచి, చార్జరు కూత పెట్టింది. బ్యాటరీ నిండితే పెట్టే కూత. ఒకటి. ఆగి, ఇంకొకటి.

"కరెంటు లేదు గదనే..." సోమలింగం గుసగుసగా అన్నాడు.

పరుగెత్తాను.

ముందు వాసన తగిలింది. తీపి వాసన. పండు మగ్గి కుళ్లినట్టు. శ్రావణంలో షెడ్డు గోడలకు నెల రోజులు పట్టుకుని ఉన్న వాసన అది.

టార్పాలిన్ కింద హారతి కూర్చుని ఉంది. నా స్టూలు మీద. నాకు వీపు మాత్రమే కనబడుతోంది. రిమోట్ కింద పడేసి ఉంది. రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుంది. దాని ముందు ఒక బ్యాటరీ ఉబ్బిపోయి ఉంది... అతుకు విచ్చుకుంది... అందులోంచి తెల్లటి పొగ సన్నగా వస్తోంది.

"హారతీ!"

తిరగలేదు.

"బిడ్డా, లెవ్వు!"

కదలలేదు. దగ్గరికి పోయి రెక్క పట్టుకుని లాగాను. రాలేదు. యాభై కిలోలు లేదు నా బిడ్డ. అయినా రాలేదు. నేలకు బోల్టులు బిగించిన సాంచాను లాగుతున్నట్టు ఉంది.

"ఎట్ల లేస్త బాపు..." మెల్లగా అంది. కళ్లు బ్యాటరీ మీదే ఉన్నాయి. "నువ్వే గదా కూసోబెట్టి పోయినవ్. ఎవలన్న వచ్చేదాంక లేవద్దన్నవ్."

"నేనెప్పుడన్న బిడ్డా?"

"భుజం పట్టి కూసోబెట్టినవ్. నీ చెయ్యి కాలుతున్నది బాపు. జరమొచ్చిందా?"

పొగ చిక్కబడింది. చిటపట మొదలైంది.

నాకు అప్పుడు ఒకటే తోచింది. దీన్ని లాగితే రాదు. పాళీ ఎక్కిన మనిషి దిగాలంటే ఇంకొకడు ఎక్కాలి. శ్రావణంలో నేను చేయని పని అది. భయం వేయలేదు. ఈసారి వేళకు వచ్చానని మాత్రం అనుకున్నాను.

దాని కుడి భుజం మీద రెండుసార్లు తట్టాను.

వెంటనే లేచింది. వెనక్కి చూడలేదు. నా మొహం చూడలేదు. పక్కకు జరిగి, చేతులు వేలాడేసుకుని, పన్నెండు గంటలు నిలబడ్డ మనిషిలాగా కాళ్లీడ్చుకుంటూ టెంపో వైపు నడిచిపోయింది.

నేను స్టూలు మీద కూర్చున్నాను.

కావాలనే కూర్చున్నాను. ఈ పాళీ నాది, దానిది కాదు. రానీ. ఎవరు పట్టుకుంటారో పట్టుకోనీ. బ్యాటరీలోంచి మంట లేచింది. మోకాళ్లకు సెగ తగిలింది. కనుబొమలు కాలిన వాసన వచ్చింది. ఎదురుచూశాను...

సోమలింగం వెనక నుంచి కాలరు పట్టుకుని ఒక్క ఊపున ఇవతలికి ఈడ్చేశాడు. "సచ్చిపోతావే!" అని అరిచాడు. రెండు బకెట్ల ఇసుకా దాని మీద గుమ్మరించాడు. టార్పాలిన్ అంటుకుంది. చార్జరు కరిగింది. పది నిమిషాల్లో అంతా అయిపోయింది. టెంపోకు ఏమీ కాలేదు, తోటకు ఏమీ కాలేదు.

గట్టు మీద వెల్లకిలా పడి ఉన్నాను. అప్పుడు వచ్చింది భయం. ఏడాది తర్వాత మొదటిసారి ఒళ్లంతా చెమట పట్టింది. మంటకు కాదు. సోమలింగం లాగితే నేను వచ్చేశాను. బస్తా లాగినంత తేలిగ్గా వచ్చేశాను. నన్ను ఎవరూ పట్టుకోలేదు. హారతిని పట్టుకున్నది స్టూలు దగ్గర లేదు.

హారతి టెంపో ముందు సీట్లో కూర్చుని ఉంది. ఒంటి మీద గీత కూడా పడలేదు. "ఏమైంది బాపు, గా పొగేంది?" అని అడిగింది. డ్రోన్ దింపింది గుర్తుందట, తర్వాతది గుర్తులేదట. నిద్ర వస్తోంది అంది. హైవే మీద చాయ్ తాగుదామంటే వద్దంది. దారి పొడుగునా అద్దానికి తల ఆనించి పడుకుంది. దాని మొహం చూస్తూనే ఉన్నాను. మామూలుగానే ఉంది. నా బిడ్డే.

ఇంటికి వచ్చేసరికి నాలుగున్నర. "ఏందయ్యా గా మొహం? కనుబొమలేవి?" అని లలితమ్మ గుండెలు బాదుకుంది. తర్వాత చెప్తానన్నాను. చెప్పాలి. మంగకు కూడా చెప్పాలి, తలుపు తెరిచి ఉన్నా బిక్షపతి ఎందుకు రాలేదో. పొద్దున్నే పోయి చెప్పాలనుకున్నాను. హారతి అన్నం తినకుండానే మంచం మీద వాలింది. చెయ్యి ఒక్కటి మంచం పట్టీ మీంచి కిందికి వేలాడుతోంది. పక్కనే కింద కూర్చున్నాను. కిటికీలోంచి ఎండ ఇంకా పడుతూనే ఉంది. పక్కింట్లో టీవీ మోగుతోంది. కాస్త కునుకు పట్టబోయింది.

హారతి వేళ్లు కదిలాయి.

ముందు గమనించలేదు. కలేదో వస్తోంది అనుకున్నాను. బొటనవేలు, చూపుడువేలు కలుస్తున్నాయి, తిరుగుతున్నాయి, విడిపోతున్నాయి. మళ్లీ కలుస్తున్నాయి. ఆ కదలిక నాకు తెలుసు. తెగిన పోగును ఒక్క చేత్తో ముడివేసే పద్ధతి అది. నాకు చేత కావడానికి రెండేళ్లు పట్టింది. దానికి ఎవరూ నేర్పలేదు.

వంగి చూశాను. దాని వేళ్ల మధ్య నిజంగానే ఒక దారం ఉంది. సన్నటి తెల్లటి పాలిస్టర్ దారం. జానెడుకొక ముడి, గింజంత కూడా లేని ముడి, అచ్చం బిక్షపతి వేసే ముడి. మా ఇంట్లో అలాంటి దారం లేదు. అది మంచం కింది నుంచి, బండల మీదుగా, గడప దాటి బయటికి పోయింది. వాకిలి తలుపు ఓరగా వేసి ఉంది.

లలితమ్మ వంటింట్లో ఉంది. హారతి నిద్రపోతోంది, వేళ్లు ముడి వేస్తూనే ఉన్నాయి.

రెండు వేళ్లతో దారం పట్టుకుని మెల్లగా లాగాను. బిగిసింది.

అవతల నుంచి ఎవరో, తెగకుండా, జాగ్రత్తగా, తన వైపుకు లాక్కున్నారు.