మూరెడు టేపు

నయాపూల్ కింద పట్టపగలు పదకొండు గంటలకు సౌండ్ ఇంజనీర్ సీమోను శవం దొరికింది. జేబులో పర్సు అలాగే ఉంది. చేతికి వాచీ ఉంది. మెడ మీద సన్నటి తీగ కోసిన గీత ఉంది. బిగుసుకున్న కుడి పిడికిట్లో మూరెడు పొడవున్న రికార్డింగ్ టేపు ముక్క ఉంది.

అది 1974 ఫిబ్రవరి. ఆ మధ్యాహ్నమే ఏజెంట్ శ్రీహరిరావు పత్తర్‌గట్టిలో ఒక బట్టల దుకాణం మెట్లెక్కాడు. ఏలూరు మనిషి, నలభై ఏళ్లు. చుట్టుపక్కలవాళ్లకు మాత్రం ఒంటరిగా ఉండే సర్కారు గుమాస్తా.

"రంగు పోని తువ్వాలుందా సేఠ్‌జీ?"

"పోయేదే ఉంది. లోపలికి రా."

కోడ్ కుదిరింది. దుకాణం యజమాని బాలకిషన్ మూడు తరాల వ్యాపారి. రహస్య విభాగానికి పాతబస్తీ చీఫ్ కూడా ఆయనే. వెనకగదిలో తలుపు బిగించి, ఆ టేపు ముక్కను మిషన్‌కు ఎక్కించాడు. ఒక ముసలావిడ గొంతు పలికింది: "అని నా ముంగట ఎవరన్న అంటే, గట్ల అన్నోళ్లను..."

"గింతే," అన్నాడు బాలకిషన్. "గీ నాలుగు మాటలకు సీమోను పాణం తీసిన్రు. వాడు మన మనిషి."

"ఎవరిదా గొంతు?"

"వరమ్మ టీచర్‌ది. పోయిన లొల్లిల రెండు గల్లీలోళ్లను, హిందువులను, ముసల్మాన్లను, ఐదు రోజులు తన బడిల దాచిపెట్టింది. ఆమె మాటంటే రెండు దిక్కుల వింటరు. 'ఎదురెదురు' పత్రికకు ఇంటర్వ్యూ ఇస్తున్నది."

'ఎదురెదురు' శ్రీహరిరావుకు తెలుసు. నెలకు ఒక్కటే ఇంటర్వ్యూ, వంద పేజీలు. ముల్కీ, కులం, మతం, ఆడవాళ్ల ఆస్తి లాంటి ఇళ్లల్లో గొంతు తగ్గించి మాట్లాడుకునే విషయాలన్నీ అందులో నిర్మొహమాటంగా అచ్చయ్యేవి. ఎడిటర్ పేరు విమలాదేవి.

"ఆమెకు స్టూడియో పెట్టించినోడు హోల్ట్ అనే ఫారిన్ వాడు," అన్నాడు బాలకిషన్. "పైకి కల్చరల్ ఫౌండేషన్. లోపల 'ఎకో' అనే గూఢచారి రింగ్. వచ్చే ఆదివారం సాయంత్రం సంతోష్‌నగర్ మైదానంల వరమ్మ టేపు లౌడ్‌స్పీకర్ల వినిపిస్తరు. ఐదువేల మంది వస్తరు. ఆమె అసలు అన్నది సీమోను ముందే చెప్పిండు, విను: 'వాళ్లు మనుషులే కారు అని నా ముంగట ఎవరన్న అంటే, గట్ల అన్నోళ్లను నా గుమ్మం ఎక్కనియ్య.' నకలు రీల్ల నడుమ గీ ముక్క తీసేసి అతికిస్తే?"

శ్రీహరిరావు మనసులో అతికించి చూసుకున్నాడు. వాళ్లు మనుషులే కారు. నా గుమ్మం ఎక్కనియ్య.

"చీకటి పడేలోపల కర్ఫ్యూ," అన్నాడు.

"హోల్ట్‌కు కావల్సింది గదే. సీమోను జాగల నువ్వు పో. అసలు రీలే మోగాలె."

"విమలాదేవి?"

బాలకిషన్ చూపు తిప్పుకుని టేపు ముక్కను చుట్టసాగాడు. "డబుల్ ఏజెంట్. నమ్మకు. మిషన్ మీద చెయ్యి వేస్తే ఆపు."

*

మర్నాడు రామ్‌చందర్ అనే సౌండ్ ఇంజనీర్ స్టూడియోలో చేరాడు. జేబులో ఫౌంటెన్ పెన్. అందులో సిరా బదులు ఒక్కటే గుండు.

విమలాదేవి తన ఫియట్ తనే నడుపుకుంటూ వచ్చింది. నల్ల షిఫాన్ చీర, నల్ల కళ్లద్దాలు, భుజాల దాకా కత్తిరించిన జుట్టు. అతను రెండు మాటలు మాట్లాడగానే కళ్లద్దాలు తీసి నవ్వింది.

"ఏంది రామ్‌చందర్, మీది ఈ శహర్ గాదు. కృష్ణా, గోదావరి నడుమ యాడనో పుట్టిన్రు."

పద్దెనిమిదేళ్లలో అతని మారువేషాన్ని అంత తొందరగా ఎవరూ పట్టలేదు. పట్టుకుని, మళ్లీ ఎత్తకుండా వదిలేసింది.

మిగిలిన సిట్టింగులు నాలుగు రోజులు సాగాయి. శ్రీహరిరావు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని గాజు అద్దం వెనక కూర్చునేవాడు. వరమ్మ టీచర్‌కు డెబ్బై దాటాయి. తోటి టీచరింట్లో తనకు విడిగా పెట్టిన గ్లాసు గురించి చెప్పింది. కర్ఫ్యూలో పాలకేడ్చిన పసివాళ్ల గురించి చెప్పింది. "తలుపు కొట్టనోళ్లు, తియ్యనోళ్లు, ఇద్దరు సిగ్గుపడాలె. నేను సుత తొలిరోజు తియ్యలే బిడ్డా," అంది. విమలాదేవి తొందరపెట్టేది కాదు. అడిగి ఊరుకునేది. ఆ మౌనంలో ఆమె ఊపిరి ఒక్కటే అతని చెవుల్లో పడేది. నాలుగో రోజుకు ఆ ఊపిరి కోసమే హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటున్నానని అతనికి తెలిసిపోయింది.

ఆ సాయంత్రం టీ తాగుతూ అడిగింది. "ఇంట్ల ఎవరున్నరు?"

"ఎవరూ లేరు. మా ఆవిడ పురిటిలో పోయింది. బిడ్డ కూడా." ఆ కొలువులో ఉండి అతను చెప్పిన నిజం అదొక్కటే.

ఆమె ఓదార్చలేదు.  మెల్లగా అంది: "మా తమ్ముడు అరవైతొమ్మిది తెలంగాణ ఉద్యమంల పోయిండు. బడికి పోతున్న అని చెప్పి పోయిండు. వాడి దోస్తులను ఒక్కటే అడిగిన, ఆఖరుకు ఏమన్నడని. ఎవ్వరు చెప్పలే. గప్పటిసంది అందర్నీ అడుగుతనే ఉన్న." కప్పు పక్కన పెట్టింది. "ఆదివారం అయినంక మీకొక మాట చెప్పాలె."

"ఇప్పుడే చెప్పండి మేడం."

"ఇప్పుడు చెప్తే ఇద్దరికీ మంచిది గాదు."

అతనికి బాలకిషన్ మాట గుర్తొచ్చింది. నమ్మకు. టీ చల్లారిపోయింది.

*

ఆదివారం. సంతోష్‌నగర్ మైదానం కిక్కిరిసిపోయింది. టోపీలు, తలపాగాలు, చంటిపిల్లల తల్లులు. స్టేజి మీద వరమ్మ టీచర్, పక్కన విమలాదేవి. వెనక గుడ్డ చాటున చిన్న కంట్రోల్ రూమ్. అసలు రీలును శ్రీహరిరావు మొదటి నుంచి చివరిదాకా విని, డబ్బాలో పెట్టి, తాళం వేసుకున్నాడు.

నాలుగింటికి కరెంటు పోయింది. చూడడానికి మెయిన్ స్విచ్ దగ్గరికి వెళ్లాడు. రెండు నిమిషాల్లో తిరిగొచ్చాడు. డబ్బా తాళం తాళంగానే ఉంది. పత్రిక మేనేజర్ విశ్వేశ్వర్ పక్కనే నిలబడి జేబురుమాలుతో మెడ తుడుచుకుంటున్నాడు.

"నేనున్న గదన్నా, ఫికర్ చెయ్యకు."

టేపు మొదలైంది. ఐదువేల మంది కిక్కురుమనకుండా విన్నారు. నలభై నిమిషాలు గడిచాయి. ఉన్నట్టుండి విమలాదేవి స్టేజి మీంచి లేచింది. గుడ్డ తొలగించుకుని లోపలికొచ్చి సూటిగా మిషన్ మీదికి చెయ్యి చాచింది.

శ్రీహరిరావు ఆమె రెండు మణికట్లూ పట్టుకున్నాడు.

"ఇడువుండ్రి! రీలు మారింది!"

"నేనే ఎక్కించాను మేడం. స్వయంగా."

"ఇది నకలు. వినుండ్రి, నా ప్రశ్నల నడుమ ఊపిరి లేదు, కత్తిరించిన్రు. రావుగారూ, నన్ను నమ్ముండ్రి!"

రావుగారూ. తన అసలు పేరు ఈమెకెలా తెలిసింది? ఆ ఒక్క అనుమానంతో అతని పట్టు ఇంకాస్త బిగిసింది.

సైలెన్సర్ బిగించిన పిస్తోలు చప్పుడు పెద్దగా ఉండదు. ఆమె ముందుకు తూలి అతని గుండెల మీద వాలింది. చేతులు ఇంకా అతని చేతుల్లోనే ఉన్నాయి. వదిలి ఉంటే పక్కకు తప్పుకునేదేమో. గుడ్డ సందులో విశ్వేశ్వర్ రెండోసారి గురిపెడుతున్నాడు. శ్రీహరిరావు ఒక చెయ్యి వదిలి, జేబులోంచి పెన్ను తీసి నొక్కాడు. విశ్వేశ్వర్ మోకాలు పట్టుకుని కూలాడు.

బయట లౌడ్‌స్పీకర్లలో విమలాదేవి గొంతు ఖంగుమంది: "పక్క గల్లీలోళ్ల గురించి మీరేమంటరు టీచరమ్మా?"

లోపల విమలాదేవి నేల మీద ఉంది. ఆ ప్రశ్న విని ఆమె కళ్లు మిషన్ వైపు తిరిగాయి.

"వాళ్లు..." అంది లౌడ్‌స్పీకర్.

శ్రీహరిరావు తిరుగుతున్న టేపును పిడికిటితో లాగి తెంపేశాడు.

మైదానం నిశ్శబ్దమైంది. తర్వాత గుసగుస, తర్వాత కేకలు. అప్పుడు వరమ్మ టీచర్ లేచి మైకు దగ్గరికి నడిచింది.

"మిషన్ చెడిపోయింది. నా నోరు చెడిపోలే. కూసోండ్రి," అంది. ఆ ప్రశ్నకు జవాబు మొత్తం, ఒక్క మాట పోకుండా, సొంత గొంతుతో చెప్పింది. గుడ్డ వెనక ఏం జరిగిందో ఆమెకు అప్పటికి తెలియదు.

శ్రీహరిరావు విమలాదేవి తలను ఒళ్లోకి తీసుకున్నాడు. ఆమె పెదవులు కదిలాయి.

"చెప్తున్నదా?"

"చెబుతోంది. అందరూ వింటున్నారు."

అది విన్నాక ఆమె ఊపిరి ఆగింది. ఈసారి హెడ్‌ఫోన్స్ అక్కర్లేకుండానే అతనికి తెలిసింది.

*

హోల్ట్‌ను విమానాశ్రయంలో పట్టుకుని దేశం నుంచి పంపించేశారు. కరెంటు తీసి, దొంగ తాళంచెవితో రీలు మార్చింది తనేనని విశ్వేశ్వర్ చెప్పాడు, సీమోను హత్య కూడా ఒప్పుకున్నాడు. పాతబస్తీలో ఆ వారం ఒక్క దుకాణమూ మూతపడలేదు.

"విమలాదేవి ఆర్నెల్ల సంది మన మనిషే," అన్నాడు బాలకిషన్, కళ్లెత్తకుండా. "హోల్ట్ సంగతి తెలిసినంక తనంతట తనే వచ్చింది. సీమోను పోయినంక నీ పేరు ఆమెకు నేనే చెప్పిన."

"మరి ఆమెను నమ్మొద్దని నాకెందుకు చెప్పారు సేఠ్‌జీ?"

"నిజం చెప్తే ఆమెను చూసినప్పుడల్ల నీ ముఖం మీద కనపడ్తుండె. వాళ్లు ఆమెను బతకనియ్యకపోతుండె, రావ్ సాబ్."



బాలకిషన్ ఢిల్లీ నుంచి వచ్చిన కవరు అందించాడు. శ్రీహరిరావు ధైర్యసాహసాలను మెచ్చుకుంటూ రెండు పేరాలు. విమలాదేవి పేరు ఎక్కడా లేదు. కింద ఎర్రసిరాతో నియమం: చదివిన వెంటనే తగలబెట్టాలి.

అతను అగ్గిపుల్ల గీశాడు. పద్దెనిమిదేళ్ల సర్వీసులో విభాగం నియమాన్ని అంత మనస్ఫూర్తిగా పాటించడం అదే మొదటిసారి.