ముద్ర గదిలో నిద్ర

అమ్మపెట్టె మేలుకోవాలంటే ముందు పావుగంట ‘మహాదండు’ ఆడాలి. వకుళ కిరీటం తలకు బిగించుకుని, ఆటలో కోటగోడ ఎక్కి, అడ్డొచ్చిన వాళ్ళను నరికి, బురుజు మీద మండలం జెండా పాతింది. జెండా ఎగరగానే పెట్టె మీద ఆకుపచ్చ గీత వెలిగింది. “శుభోదయం వకుళా, ఈరోజు మన కుటుంబం కోసం ఏం తయారుచేస్తున్నావు?” అని అడిగింది. జవాబు చెబితే గాని పనిబల్ల తెరుచుకోదు.

“పడవ,” అంది వకుళ. రోజూ చెప్పే మాటే.

ఆట రాసేవాళ్ళు పొద్దున్నే మండలం వాళ్ళ ఆట ఆడి తీరాలని ఒప్పందంలో ఉంది. పొరుగింటి కూర తిని ఆహా ఓహో అన్నాకే నీ పొయ్యి వెలిగించుకోమన్నట్టు. విశాఖలోని ఆటశాలలన్నీ కిమ్మనకుండా ఈ తంతు జరుపుతాయి. ఏం చేస్తాయి మరి? కిరీటాలు చేసే కంపెనీ మండలం ఒక్కటే. అమ్మపెట్టె లేనిదే కిరీటానికి ఆట రాయలేరు. దాన్ని మండలం అరువిస్తుంది, ఎవరికీ అమ్మదు. దానికి ఆర్పే మీట లేదు. గదిలో ఎవరు ఏం మాట్లాడుకున్నా అది వింటుంది, విని ఎవరికి చెప్పాలో వాళ్ళకు చెబుతుంది. ఇంత చేసి దీనికి అమ్మ అని పేరు పెట్టినవాడెవడో గాని వాడికి సిగ్గు లేదని వకుళ గట్టి నమ్మకం.

ఖాజావలి ఆట ఎక్కించిన రెండు బిళ్ళలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఆటశాలలో శబ్దాల పని అతనిది. వకుళతో కలిసి ఆటశాల పెట్టింది కూడా అతనే.

“నల్ల దాంట్లో నిద్ర ఉంది. తెల్ల దాంట్లో లేదు,” అన్నాడు. “తెల్లది పట్టుకెళ్దాం వకుళా. ఇయ్యాళ తనిఖీలో ముద్ర పడకపోతే పెట్టె లాక్కుపోతారు. పెట్టె పోతే మనం ఉన్నట్టా, పోయినట్టా? మన దగ్గర పనిచేసే పిల్లలందరూ రేపటికి రోడ్డు మీదుంటారు.”

“నిద్ర తీసేస్తే అది మన ఆటేనా?”

“కాదు. ఎవరి ఆటో. కానీ బతికుంటాం గదా.”

వాళ్ళ ఆట పేరు ‘రేవు’. నూకాలు అనే పడవమనిషితో కలిసి ఆటగాడు తెడ్డు వేస్తాడు. ఆటగాడి ఒళ్ళు అలిసిందని కిరీటం కనిపెట్టగానే నూకాలు తెడ్డు పడవలో పెట్టేసి, చీర కొంగు కప్పుకుని పడుకుంటుంది. ఆటగాడు కూడా నిద్రపోయి లేచేదాకా లేవదు. పిలిచినా లేవదు, బతిమాలినా లేవదు. ఆటలో అంతకు మించి చెయ్యడానికి ఏమీ ఉండదు.

ఇందులో కొత్త విద్య ఏమీ లేదు. మనిషి అలసటను కిరీటం ఎప్పటినుంచో కనిపెడుతూనే ఉంది. కనిపెట్టి, అలసట ఆటగాడికి తెలియకుండా వెలుగులు పెంచుతుంది, డప్పులు మోగిస్తుంది, ఆకలిని తొక్కిపెడుతుంది. దాన్ని మండలం ‘నిలుపు’ అంటుంది. ఆటగాడి ధ్యాస సడలే చోటు ఏ ఆటలోనూ ఉండకూడదన్నది నిలుపు నిబంధన. వకుళ వదిన రాజ్యం రొయ్యల ఫ్యాక్టరీలో పని దిగి వచ్చి, సరదాగా కాసేపని కిరీటం పెట్టుకుని, పడిపోయేదాకా తియ్యలేదు. ప్రాణం దక్కింది. ఇప్పటికీ ఆమె చేతిలో గరిటె నిలవదు. ఆ ఆట ముద్ర పడిన ఆటే, అన్ని నిబంధనలకూ సరిపోయిన ఆటే. ఆసుపత్రిలో వదిన పక్కన కూర్చున్నప్పుడే వకుళ నూకాలును పడుకోబెట్టాలని అనుకుంది.

కాసేపటికి బంధువు వచ్చాడు. ప్రతి ఆటశాలకూ మండలం ఒక బంధువును నియమిస్తుంది. వీళ్ళకు దొరికిన బంధువు శ్రీవత్స. హైదరాబాదు నుంచి వస్తూ పండ్ల బుట్ట కూడా తెచ్చాడు.

“వకుళ గారూ, ఖాజా భాయ్ చెప్పింది కరెక్టే,” అన్నాడు కూర్చుంటూనే. ఖాజావలి చెప్పింది ఇతనికెలా తెలుసని ఇద్దరిలో ఎవరూ అడగలేదు. “మీ ఆట మా పైవాళ్ళకు చాలా నచ్చింది. ఆ పడవ, ఆ నీళ్ళు, ఆ సౌండు, అబ్బో. ఆ పడుకునేది ఒక్కటి తీసెయ్యండి. పండగ వారమంతా కిరీటాల తొలి తెర మీద పెడతాం. ఏ ఆటశాలకు దక్కింది చెప్పండి?”

“అలిసిపోయిన మనిషిని పడుకోనివ్వడం తప్పా, శ్రీవత్స గారూ?”

“తప్పని ఎవరన్నారు? పడుకోవాలంటే కిరీటం తీసి పడుకుంటారు.”

“తియ్యనివ్వకుండానే కదా మీరు దాన్ని చేసింది.”

శ్రీవత్స నవ్వాడు. అతనికి కోపం రాదు, అతన్ని ఎంచుకున్నదే అందుకు. “మనం ఒక కుటుంబం, మేడమ్. కుటుంబంలో ఒకరి కోసం ఒకరు సర్దుకోవాలి,” అన్నాడు. వకుళకు ఒళ్ళు మండిపోయింది. కిరీటం తలకెక్కిన రోజు నుంచీ సర్దుకుంటున్నది ఒకళ్ళే. ఆట పేరు మార్చమంటే మార్చారు, నూకాలు ముఖం తెల్లబరచమంటే తిట్టుకుంటూ తెల్లబరిచారు, ఆట మొదటి తెర మీద తమ పేరు కన్నా మండలం పేరు పెద్దదిగా ఉండాలంటే సరేనన్నారు. అవతలివాళ్ళు ఇంతవరకు సర్దుకున్నది పండ్ల బుట్ట మోసుకురావడం దాకానే.

ముగ్గురూ కొండ మీది ముద్ర భవనానికి వెళ్ళారు. కిరీటాలు పెట్టుకుని మనుషులు చనిపోయిన గొడవల తర్వాత, ప్రతి ఆటనూ ఒక మనిషి తన ఒంటితో ఆడి చూసి ముద్ర వెయ్యాలని చట్టం వచ్చింది. తనిఖీ సాగుతుండగా ఆ మనిషిని ఇంకొకరు ముట్టుకున్నా, కిరీటం తీసినా ఆ వారం పడిన ముద్రలేవీ చెల్లవు. మండలం తన ఆటలను ముందుకు తోసుకుంటోందని ఆటశాలలు కోర్టుకెక్కాక వరుస నియమం వచ్చింది. ముందున్న ఆట సంగతి తేలందే వెనకున్నది కదలకూడదు. ‘రేవు’ వెనకే ‘మహాదండు’ కొత్త భాగం నిలబడి ఉంది. సాయంత్రం దేశమంతా విడుదలని బీచ్ రోడ్డు పొడవునా బొమ్మలు కట్టారు.

తనిఖీ గదికీ రచయితల గదికీ మధ్య అద్దం ఉంటుంది. తనిఖీదారు సన్యాసిరావు అప్పటికే కుర్చీలో ఉన్నాడు. పెద్ద వయసు కాదు, కళ్ళ కింద మాత్రం నల్లగా వాచిపోయి ఉంది. పండగ ముందు తనిఖీదారులను ఇళ్ళకు పంపరు. ఒక ఆట ముగిస్తే ఇంకో ఆట కిరీటంలోకి ఎక్కిస్తారు.

“పెట్టండమ్మా,” అన్నాడు సన్యాసిరావు.

ఖాజావలి తెల్ల బిళ్ళ చేతికిచ్చాడు. వకుళ దాన్ని జేబులో వేసుకుని, తను తెచ్చిన నల్ల బిళ్ళ పెట్టింది. ఖాజావలి చూశాడు. తన శబ్దాల పలక తీసి బల్ల మీద పెట్టాడు.

కిరీటం బిగిశాక తనిఖీదారుకు బయటి చప్పుడు వినబడదు. ఆయన చెవికి చేరే బయటి గొంతు రచయితల మైకులోది ఒక్కటే. సన్యాసిరావు తెడ్డు పట్టుకున్నాడు. రేవు దాటి ఇంకా లోతు నీళ్ళలోకి పోనేలేదు, నూకాలు ఆయన ముఖంలోకి చూసి, తెడ్డు పడవలో పెట్టి పడుకుంది.

“అమ్మా, ఇదేటి, ఆగిపోనాది?” అన్నాడు సన్యాసిరావు కళ్ళు మూసుకునే.

“ఆగలేదండీ. మీరు అలిసిపోయారని ఆవిడ పడుకుంది. మీరు పడుకుని లేస్తే తనూ లేస్తుంది.”

అద్దం ఇవతల శ్రీవత్స తిరస్కార పత్రం మీద నొక్కడానికి వేలు ఎత్తి పట్టుకున్నాడు. తనిఖీదారు చెయ్యాల్సింది ఒక్కటే, కిరీటం తీసి పారేసి నిలుపు తప్పిందని చెప్పడం.

“నాను పడుకోవచ్చా?” అని అడిగాడు సన్యాసిరావు.

ఈ గదిలో ఏళ్ళ తరబడి దేశానికి ఆటలు పాస్ చేసిన మనిషి ఇవాళ కునుకు తియ్యడానికి తనను అనుమతి అడుగుతున్నాడు.

“పడుకోండి,” అంది. “నిద్ర లేపను.” మైకు ఆర్పేసింది.

సన్యాసిరావు చేతులు ఒళ్ళోకి జారాయి. తల కుర్చీ వెనక్కి వాలింది. తెర మీద నీళ్ళు మెల్లగా కదులుతున్నాయి.

శ్రీవత్సకు విషయం తలకెక్కడానికి కొంచెం టైం పట్టింది. ఎక్కాక పండ్ల బుట్టతో పాటు తెచ్చిన నవ్వు ఏమైపోయిందో ఏమో. “లేపండి. వరుస ఆగిపోయింది. మైకులో ఒక్కసారి పేరు పెట్టి పిలవండి, చాలు.”

“మాటిచ్చాను.”

“వకుళ గారూ, సాయంత్రానికి మీ పెట్టె మా దగ్గరుంటుంది. మీ మనుషులకు ఈ ఊళ్ళో ఏ ఆటశాలలోనూ పని దొరకదు. ఆలోచించండి.”

“ఆలోచించే పెట్టాను ఆ బిళ్ళ. మా వదిన చెయ్యి వణుకుతుంటే మీరు ఏ పండ్లు పంపారు? మా పెట్టె పట్టుకుపోండి. ఆయన్ని మాత్రం లేపను.” మైకు మీటకు చెయ్యి అడ్డం పెట్టింది.

శ్రీవత్స ఖాజావలి వైపు తిరిగాడు. “భాయ్, మీ శబ్దం కూడా ఆయనకు చేరుతుంది కదా. ఒక డప్పు వెయ్యండి. తెల్లది తేవాలన్నది మీరే కదా, మీరు తెలివైనవాళ్ళు.”

ఖాజావలి తన పలక ముందు కూర్చున్నాడు. కాసేపు తెరలోని నీళ్ళను చూశాడు. ఆ తర్వాత అలల చప్పుడును ఇంకొంచెం తగ్గించాడు.

“నా గొంతు పెద్దదండీ, మీతో మాట్లాడితే ఆయన లేస్తాడేమో,” అన్నాడు.

ఈలోగా పక్క గది తనిఖీదారు పైడితల్లి తలుపు దగ్గరికొచ్చింది. ఆవిడ వంతు ‘మహాదండు’ది. అద్దంలోంచి సన్యాసిరావును చూసింది. ఆయన గురక పెడుతున్నాడు.

“ఏటైనాదమ్మా ఈయనకి?”

“నిద్రపోతున్నాడు.”

“కిరీటంలోనా?” పైడితల్లి మళ్ళీ ఒకసారి చూసి నిర్ధారించుకుంది. తర్వాత శ్రీవత్సతో, “ఒక మనిసి తనికీ ముగించనేకపోతే పక్క గది మనిసి ఆడి ముగించాల గదా బాబూ. మీరు రాసిన రూలే,” అంది.

శ్రీవత్స ముఖం వికసించింది. “అవునవును. కూర్చోండమ్మా, వెంటనే కూర్చోండి. అరగంటలో తిరస్కరించేస్తే వరుస కదులుతుంది.”

రెండో కుర్చీ వేయించాడు. స్వయంగా కిరీటం తెచ్చి అందించాడు. పైడితల్లి దాన్ని తలకు బిగించుకుని, చీర సర్దుకుని, కాళ్ళు చాపుకుంది. అద్దం వైపు చెయ్యి ఊపింది. వకుళ ఆమె మైకు తెరిచింది.

“అమ్మా,” అంది పైడితల్లి, “మొన్నటినించీ కన్ను మూతబళ్ళేదు. ఆ పడవమ్మని బేగి పడుకోబెట్టు.”