అరచేతిలో మూడు పెట్టెలు

“మళ్లీ ముందే మూసేశావు,” అన్నారు రాస్తుండగా చూసిన చైనీస్ టీచర్.

నోట్‌బుక్‌లో పెట్టెలాంటి అక్షరం చుట్టూ ఎర్ర సున్నా పడింది. ఆ నోట్‌బుక్ రాకెట్‌ది. ఏ పని ఇచ్చినా అందరికంటే ముందే ముగిస్తుందని ఆ పిల్లకు క్లాసులో ఆ పేరు పెట్టారు.

“అచ్చం బోర్డు మీద ఉన్నట్టే ఉంది కదా మేడమ్!”

“ఉంది. కానీ ముందు మూడు వైపులు, తర్వాత లోపలి గీతలు, ఆఖర్న అడుగు గీత. అదే మూత అనుకో. సామాను పెట్టకుండానే మూత బిగిస్తావా?”

టీచర్ ముందుకు వెళ్లారు.

“రాశాక చూసేవాళ్లకు ఏం తెలుస్తుందే?” అని పక్కమ్మాయి చెవిలో గొణిగింది రాకెట్.

క్లాసు మొదలై మూడు వారాలే. ఇంకా గీతలే నేర్పుతున్నారు. అర్థాల దాకా రాలేదు.

ఇంటికి వచ్చేసరికి తాత కుర్చీలో కూర్చుని ఉన్నాడు. చేతిలో కార్డు.

“వచ్చావా? రా, రా. నీతో పెద్ద పనుంది.”

తాత ఒకప్పుడు ఓడలో మెకానిక్. ఇంజన్ గది మోతలో ఎంత అరిచినా వినబడదు. అందుకే తాతా, ఆయన చైనా స్నేహితుడూ ఒకరి అరచేతిలో ఒకరు వేలితో రాసుకునేవారు. తాత చైనీస్ నేర్చుకున్నది అలాగే. రెండేళ్ల క్రితం ఆయన చూపు పోయింది. చాన్నాళ్లు ఈ ఊళ్లోనే ఉండి చైనా వెళ్లిపోయిన ఆ స్నేహితుడే ఇప్పుడు కార్డు రాశాడు. అందులో ఉన్నవి మూడే అక్షరాలు.

“ఫోన్‌కి చూపిస్తే చదివేస్తుంది నాన్నా,” అంది అమ్మ కుట్టుమిషన్ దగ్గర్నుంచి.

“వాడు రాసింది నాకు, ఫోన్‌కి కాదు. నా మనవరాలు రాస్తుంది, నేను చదువుతాను.”

తాత అరచెయ్యి చాపాడు. రాకెట్ చకచకా రాసేసింది. ముందు పెట్టె, తర్వాత లోపలి గీతలు.

“నోరు,” అన్నాడు తాత. చైనీస్‌లో ఖాళీ పెట్టె అంటే నోరే. “తర్వాత ఈ రెండు గీతలేంటి? సరే, రెండోది రాయి. మళ్లీ నోరా? మూడోది? నోరు, నోరు! వీడేమన్నా పళ్ల డాక్టరయ్యాడా?”

ఇద్దరూ పగలబడి నవ్వారు. రాకెట్ మళ్లీ రాసింది. ఇంకోసారి రాసింది. తాత నవ్వు ఆగిపోయింది.

“నీ తప్పేం లేదులేమ్మా. కళ్లతో పాటు అక్షరాలూ పోయినట్టున్నాయి.”

ఆయన గుప్పిట ముడుచుకున్నాడు.

మేడమ్ చెప్పిన మూత సంగతి రాకెట్‌కు అప్పుడే గుర్తొచ్చింది. ఒక్క మాట చెబితే సరిపోయేది. చెప్పలేదు. హోంవర్కుందంటూ లోపలికి వెళ్లిపోయింది.

పుస్తకం తెరిచింది కానీ చూపంతా తలుపు మీదే. బయట మిషన్ చప్పుడు ఆగింది.

“ఈ కార్డు అవతల పడెయ్యమ్మా,” అంటున్నాడు తాత. “చదవలేనిదాన్ని దాచుకుని ఏం చేసుకోను?”

రాకెట్ పరుగున వచ్చి అమ్మ చేతిలోంచి కార్డు లాక్కుంది.

“తాతా, చెయ్యి ఇటివ్వు.”

“వద్దులే తల్లీ.”

“నువ్వేం మర్చిపోలేదు. నేనే వరుస తప్పి రాశాను. ఇందాకే తెలిసింది. అయినా చెప్పలేదు.”

తాత ఫర్వాలేదనలేదు. “ఎందుకు చెప్పలేదు?” అని అడిగాడు.

“సిగ్గేసింది.”

తాత గుప్పిట విచ్చుకుంది.

రాకెట్ నెమ్మదిగా ఎడమ గీత గీసింది. పైగీత గీసి, అలాగే కుడివైపు కిందికి దించింది. లోపల రెండు గీతలు. చివరికి అడుగు మూసింది.

“నాలుగు!” అన్నాడు తాత.

రెండో అక్షరం పూర్తయింది. “తేదీ. నాలుగో తేదీ!”

మూడోది పెట్టెలో పెట్టె. చిన్న పెట్టె కాగానే తాత చెయ్యి ముడవబోయాడు.

“ఆగు తాతా, ఇంకా ఉంది.” రాకెట్ పెద్ద పెట్టె అడుగు గీత గీసింది.

“తిరిగొస్తున్నాడు,” అన్నాడు తాత. “నాలుగో తేదీన వస్తున్నాడు. ఇవాళ ఎంత?”

“మూడు నాన్నా!” అంటూ అమ్మ ఆయన మంచి చొక్కా వెతకడానికి లేచింది.

తాత మళ్లీ చెయ్యి చాపాడు. “ఇంకోసారి రాయి.”

రాకెట్ ఆయన పక్కనే కింద కూర్చుంది. ఎడమ గీతతో మొదలుపెట్టింది.