ఆపరేషన్ గుక్కెడు

"మీ అక్క ఫ్రీజర్‌లో ఒక సీసా తక్కువైంది," అన్నాడు చీఫ్. "దాన్ని ఎవరైనా వాడారంటే ముందు జైలుకెళ్లేది ఆవిడే."

ఏజెంట్ బంక కుర్చీలో కూర్చోబోయి ఆగిపోయాడు. పట్టుకుంటే వదలడని డిపార్ట్‌మెంట్‌లో అతనికి ఆ పేరు పెట్టారు.

"సీసాలో ఏముంది సార్?"

"వాంతులు, విరేచనాల వైరస్. వ్యాక్సిన్ కోసం ఆవిడ దాచుకున్న స్ట్రెయిన్. ఒక్క చుక్క చాలు, విందుకొచ్చిన వాళ్లంతా బాత్‌రూమ్‌ల ముందు క్యూ కడతారు."

నవ్వొచ్చే మాటే. బంకకి నవ్వు రాలేదు. అక్క కూతురు పోయింది ఆ జబ్బుతోనే. స్కూల్లో ట్యాంకు నీళ్లు తాగి వచ్చిన పిల్ల, ఒంట్లో నీరంతా పోయి తల్లి ఒళ్లోనే కళ్లు తేలేసింది. అప్పటినుంచి అక్క ఆ వైరస్ మీద పగబట్టింది. అది ల్యాబ్‌లో పెంచుదామంటే ఊరికే పెరిగే రకం కాదు. అందుకే జబ్బు ఎక్కడ ఉంటే అక్కడికి పరుగెత్తి, రోగుల దగ్గర శాంపిళ్లు తెచ్చి దాచుకుంది. ఆ ఫ్రీజరే ఇప్పుడామె సంసారం.

చీఫ్ విషయం చెప్పాడు. మధ్యాహ్నం ప్రభుత్వ విందు. రేపు రెండు దేశాలు నదీజలాల ఒప్పందం మీద సంతకాలు పెట్టాలి. విందు తిన్నవాళ్లు మంచాన పడితే నువ్వు విషం పెట్టావంటే నువ్వు పెట్టావని కొట్టుకుంటారు, సరిహద్దులో తుపాకులు పేలతాయి. ఆ తుపాకులు అమ్ముకునే విదేశీ ముఠాకి కావలసిందీ అదే.

"ఎందులో కలుపుతారు?"

"తాగే నీళ్లలో. అత్తరు చెప్పింది."

అత్తరు డబుల్ ఏజెంట్. ముఠాలో చేరింది చీఫ్ పంపితే, అక్క ల్యాబ్‌లో అసిస్టెంట్‌గా చేరింది ముఠా పంపితే. ఆమె గదిలోకి అడుగుపెడితే చీఫ్ టై సర్దుకుంటాడు. ఇవాళ విందులో ఆమె దుబాసీ.

టెక్నికల్ సెక్షన్ వాడు బంక వేలికి ఒక ఉంగరం తొడిగాడు.

"విషం తగిలితే ఎర్రగా మారుతుంది."

"వైరస్ తగిలితే?"

"మారదు."

"మరెందుకయ్యా ఇది?"

"శాంక్షన్ అయింది సార్."

బయల్దేరే ముందు బంక అక్కకి ఫోన్ చేసి సంగతి చెప్పాడు.

"చేతులకి ఆ జెల్ రాసుకుని ఊరుకోకురా. దాంతో ఆ వైరస్ చావదు. సబ్బేసి మోచేతుల దాకా రుద్దుకోవాలి. నా ల్యాబ్‌లో చేరినవాళ్లకి ముందు నేర్పేది అదే," అంది అక్క. మళ్లీ తనే, "వాళ్ల సంతకాల సంగతి నాకెందుకుగానీ, నా ఫ్రీజర్ జోలికి ఎవర్నీ రానివ్వకు. నీకు దణ్ణం పెడతాను," అంది.

విందు హాల్లో బంక వెయిటర్. అతికించిన మీసం, కాలర్ కింద మైకు, చెవిలో ఇయర్‌ఫోన్. 'ఎండగా ఉంది' అంటే క్షేమం. 'మబ్బు పట్టింది' అంటే ప్రమాదం. నీళ్ల జగ్గులకి సీళ్లు వేసి, ఒక్కో జగ్గుకి ఒక్కో గార్డుని పెట్టారు. అతిథులు గుమ్మం దగ్గర జెల్ రాసుకుని లోపలికి వస్తున్నారు.

"ఎండగా ఉంది," అన్నాడు బంక మైకులో.

అప్పుడే వంటింటి వరండాలో, సింకు దగ్గర అత్తరు కనిపించింది. గాజులు తీసి గట్టు మీద పెట్టి, పట్టు జాకెట్టు చేతులు పైకి మడిచి, సబ్బు నురగతో మోచేతుల దాకా రుద్దుకుంటోంది. వేళ్ల సందులు, గోళ్ల కింద, మళ్లీ మోచేతులు. పక్కనే జెల్ సీసా ఉంది. దాని వంక చూడను కూడా చూడలేదు.

తినబోయే మనిషి కడుక్కునే పద్ధతి కాదది. ల్యాబ్‌లో పని ముగించుకున్న మనిషి పద్ధతి.

బంక ఆమె వెనకున్న తలుపు చూశాడు. ఐసు మెషిన్ గది. అందరూ నీళ్లకి కాపలా కాశారు. ఐసు కూడా నీళ్లేనన్న సంగతి ఒక్కడికీ తట్టలేదు.

"మబ్బు పట్టింది! ఐసు!"

"ఐసా? బ్రీఫింగ్‌లో లేదే," అంది ఇయర్‌ఫోన్.

బంక హాల్లోకి పరుగెత్తాడు. పొడవాటి బల్ల చుట్టూ అందరూ పళ్లరసం గ్లాసులు పట్టుకుని, ప్రధాని తాగితే తాగుదామని నిలబడ్డారు. గ్లాసుల నిండా ఐసు. ప్రధాని గ్లాసు పెదాల దాకా వచ్చింది. బంక ట్రేతో సహా ఆయన మీద పడ్డాడు. పడుతూ బల్లగుడ్డ కాళ్లకి చుట్టుకుపోయినట్టు నటించి, అందినంత మందిని తోసుకుంటూ బల్ల మీదికి దొర్లాడు. ఒక్క గ్లాసు మిగల్లేదు. రసమంతా అతని నెత్తిన, ముక్కులో, నోట్లో.

"వెయిటర్ తాగున్నాడు!" అని ఎవరో నవ్వారు. ఐసు లేకుండా మళ్లీ రసం పోశారు.

మర్నాడు పొద్దున సంతకాలు అయ్యాయి. చీఫ్ భుజం తట్టాడు.

"సార్, కలిపింది అత్తరే."

"తెలుసు. ఆమెని పట్టుకుంటే ముఠా కబుర్లు మనకెవరు చెప్తారు? మన మనిషే మన విందులో వైరస్ కలిపిందని లోకానికి చాటమంటావా?"

"మరి అక్క?"

"జైలు లేదులే. కానీ సీసా పోయిన ల్యాబ్‌ని ఉంచలేం. ఫ్రీజర్ మొత్తం నాశనం చెయ్యమని ఆర్డరు."

బంక వెళ్లేసరికి అక్క తన చేతులతోనే శాంపిళ్లని స్టెరిలైజర్‌లో పేరుస్తోంది. ఒక్కో సీసా ఏ ఊరిదో, ఏ పిల్లదో ఆమెకి గుర్తుంది.

"ఎవరికైనా జబ్బు చేసిందా?"

"లేదక్కా."

"మంచిది. ఆ ట్రే ఇటివ్వు."

ఆమె ఏడ్చినా బాగుండేది. బంకకి సిగ్గేసింది. చీఫ్ మీద, అత్తరు మీద, తన మీద తనకే ఒళ్లు మండింది. అయినా ట్రే అందించాడు.

ఆ సాయంత్రమే అతనికి కడుపులో తిప్పింది. చీకటిపడేసరికి ఆస్పత్రిలో, చేతికి సెలైన్‌తో ఉన్నాడు.

"ఇది ఏ వైరసో తేల్చాలంటే శాంపిల్ పంపాలండీ," అన్నాడు డాక్టరు. "పంపుదామంటే దేశం మొత్తానికి ఉన్న ఒక్క ల్యాబూ ఇవాళే మూసేశారట. ఎవరు మూయించారో ఆ మహానుభావులు!"

"మావాళ్లేనండీ," అని బంక బకెట్టు దగ్గరికి లాక్కున్నాడు.