రెండో సంతకం

నిఘంటువు ఆఫీసులో ఆయన్ని అందరూ ‘ఒక్క నిమిషం’ గారనే పిలిచేవారు. టీకి రమ్మన్నా, ఇంటికి పోదాం లెమ్మన్నా ఆయన నోట వచ్చే మాట అదే మరి. మాటల అర్థాల్లో తల దూర్చాడంటే పక్కన పిడుగు పడ్డా పట్టేది కాదు.

ఆ ఆఫీసుకో చాదస్తం ఉంది. ఇంగ్లీషు మాటకు అర్థం రాస్తే చాలదు. దాని వాడుక చూపే ఉదాహరణ నిజంగా జరిగినదై ఉండాలి. కార్డు మీద తేదీ, సమయం వేసి, చూసినవాళ్లో విన్నవాళ్లో ఇద్దరు సంతకం పెట్టాలి.

ఆ మధ్యాహ్నం సంపాదకురాలు అచ్చుకు వెళ్లే కాగితాల మీంచి తలెత్తింది.

“క్వయెసెన్స్ అనే మాటకు అర్థం బాగా రాశారండీ. ‘ఆగిపోవడం కాదు, మళ్లీ కదలగలిగినది కదలకుండా ఉండటం.’ కానీ కార్డు మీద రెండో సంతకం లేదే? ఉదాహరణ మీ ఇంటిదే కదా, అప్పుడు ఇంట్లో ఇంకెవరున్నారు?”

“అక్క ఉందండీ...” అని నాలుక కరుచుకున్నాడు. అక్క పోయి నెలయింది.

“అయ్యో! సరే, సాయంత్రంలోగా ఏదో ఒకటి తేల్చండి.”

తేల్చడానికేముంది, చింపెయ్యాలి. ఆ కార్డు మీది సమయం ఇంకెవరి కంటా పడకూడదు.

తల్లి లేని తనను పెంచింది అక్కే. పక్షవాతంతో మాట పడిపోయి మంచం పట్టాక, ఏం కావాలన్నా ఎడమచేత్తో చెంచా పట్టుకుని గ్లాసు మీద కొట్టేది. పోయిన రోజూ అలాగే కొట్టింది. ఈ మాటకు ఉదాహరణ దొరక్క వారంగా జుట్టు పీక్కుంటున్న ఆయన, “ఒక్క నిమిషం అక్కా!” అన్నాడు. మళ్లీ టింగ్, టింగ్. తర్వాత ఆగిపోయింది. ఇంట్లో అలికిడి లేదు. ఆ నిశ్శబ్దం ఆయనకెంత నచ్చిందో! వెంటనే రాసేశాడు: ‘చెంచా చప్పుడు ఆగింది. ఇల్లు క్వయెసెన్స్‌లో ఉంది.’ సమయం మూడూ పది. దాన్ని దిద్దుకుని, మురిసిపోయి, లేచి వెళ్లేసరికి మూడున్నర. అప్పటికే అక్క ప్రాణం పోయింది. చెంచా మోగగానే పరుగెత్తానని డాక్టరుతో, బంధువులతో అబద్ధమాడాడు.

కార్డుల గది మెట్ల కింద ఉంది. కిటికీలు లేవు. పాత కాగితం వాసన, చెదల మందు వాసన. గోడల పొడవునా చెక్క అరలు. లైటు వెలుగు గది చివరిదాకా పోదు. ఆయన వెతికి కార్డు బయటికి తీశాడు.

టింగ్.

అలవాటు కొద్దీ నోరు జారింది. “ఒక్క నిమిషం అక్కా...”

చప్పుడు ఆగిపోయింది.

ఆ నిశ్శబ్దం ఆయనకు తెలుసు. కార్డు కేసి చూశాడు. రెండో సంతకం ఉంది. ఎడమచేత్తో గీసిన వంకర అక్షరాలు... అక్కవి. సిరా ఇంకా తడిగానే ఉంది. పక్కనే సమయం.

మూడూ ఇరవై అయిదు.

అంటే... పావుగంట బతికే ఉంది. తన కలం గీరుకుంటున్న చప్పుడు వింటూ పడుకునుంది.

“తప్పయిపోయిందక్కా...” కార్డు చింపడానికి చేతులు రాలేదు.

టింగ్. టింగ్.

ఈసారి ఆయన ఒక్క నిమిషం అనలేదు.

“వస్తున్నానక్కా.”

చెంచా ఆగింది. అరలు తప్ప మరేమీ లేని ఆ గది చివర, చీకట్లో, మంచం కిర్రుమంది.