తాగొద్దన్న కాఫీ

"రోజుకి ఎన్ని కాఫీలు?" తలెత్తకుండానే అడిగింది డాక్టర్ లుబ్నా.

"తాగేవా, రుచి చూసేవా?"

అప్పుడు తలెత్తింది. ఆ చూపుకి రకాన్ గుండె మళ్ళీ దడదడలాడింది. మా ఇర్బిద్ ఊరి బజార్లో కాఫీ గింజలు వేయించి అమ్మే కుర్రాడు, రుచి చూడకుండా ఎలా అమ్ముతాడు పాపం!

"రెండూ కలిపి చెప్పండి."

"ఇరవై... మూడు."

"ఇరవై మూడా! పైగా దడ ఎందుకొస్తోందని నన్నడుగుతున్నారా?"

అయినా ఆవిడ అంతటితో వదల్లేదు. రక్తం తక్కువేమో చూసింది, థైరాయిడ్ చూసింది, ఈసీజీ తీయించింది. నిద్ర పడుతోందా, దిగులేమైనా ఉందా అని ఆరా తీసింది. అన్నీ బాగానే ఉన్నాయి.

"రెండు నెలలు కాఫీ వాసన చూడండి, అంతే. చుక్క ముట్టారో, ఊరుకోను!"

ఐదు వారాలకి దడ తగ్గింది, ఒక్క మంగళవారాలు తప్ప.

"మంగళవారం ఏం చేస్తారేంటి?"

"మీ దగ్గరికొస్తాను."

లుబ్నా గబగబా చీటీ రాసి చేతిలో పెట్టింది. చూస్తే వేరే డాక్టరు పేరు! రకాన్ మొహం వాడిపోయింది.

"నన్ను వదిలించుకుంటున్నారా?"

"పేషెంట్లతో నేను పెళ్ళి మాటలు మాట్లాడనండీ," అనేసి, తర్వాతి మనిషిని పంపమని నర్సుకి కేకేసింది.

అది ఔనో కాదో తెలియక నాలుగు రోజులు రకాన్‌కి తిండి సయించలేదు. ఐదో రోజు తెగించి, మేనమామనీ పెద్దల్నీ వెంటబెట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాడు.

పిల్లనిస్తామన్న మాట వినేదాకా మాలో మగపెళ్ళివారు కాఫీ ముట్టరు. కాదంటే కప్పులు అలాగే వదిలేసి లేచిపోవాల్సిందే, ఊళ్ళో తలెత్తుకోలేరు. మేనమామ అడగాల్సింది అడిగాడు. లుబ్నా తండ్రి అబూ ముంజిర్ గడ్డం నిమురుకుంటూ కాసేపు ఊరించి, "కాఫీ తాగండి," అన్నాడు.

ఆగితేగా! పెద్దవాళ్ళకంటే ముందే రకాన్ కప్పెత్తేశాడు.

"తాగొద్దు!" లోపలి గదిలోంచి లుబ్నా అరిచింది.

మేనమామ మొహం కందగడ్డయింది.

"లేవరా రకాన్. పిల్లకి ఇష్టం లేదు, ఇంకా కూర్చుంటావేం?"

రకాన్ చేతిలో కప్పుతోనే లేచి నిలబడ్డాడు. ఇంతలో లుబ్నా పరుగున వచ్చింది.

"అయ్యో, నేను వద్దన్నది కాఫీని! ఈయనకి ఇంకా రెండు వారాలు పథ్యం ఉంది."

"మరి పిల్లాడి సంగతేంటమ్మా?" అన్నాడు తండ్రి, నవ్వాపుకుంటూ.

లుబ్నా సిగ్గుతో ఎర్రబడింది. రకాన్ చేతిలోని కప్పు లాక్కుని, అందరి ఎదుటా ఒక్క గుక్కలో తాగేసింది. తర్వాత మేనమామ వైపు తిరిగింది.

"మీరూ తాగండి మామయ్యా, చల్లారిపోతోంది."