వెళ్ళకూడని పలకరింపు

మణికట్టు పట్టీ రెండుసార్లు అదిరితే కాకినాడ జనం మొదట చేసే పని పళ్ళ దుకాణానికి పరిగెత్తడం. డజను బత్తాయిలు, రెండు కొబ్బరి బొండాలు సంచిలో వేయించుకుని, ఆ తరువాత తీరిగ్గా పట్టీ మీద ఏం రాసి ఉందో చదువుతారు. చదివినా ఆగరు. 2084 నాటికి ఈ సంగతి ఊళ్ళో పళ్ళవాళ్ళందరికీ తెలుసు. మింగుడుపడనిదల్లా ఆ పట్టీని తయారుచేసిన డాక్టర్ ప్రణవికే.

నిజానికి పట్టీ కబురు చెప్పేది మాత్రమే. అసలు యంత్రం రక్తకావలి. బియ్యపుగింజంత ఉంటుంది, మెడ కింద సిరలో అమరుస్తారు. కొన్ని కుటుంబాల్లో రక్తం గడ్డకట్టడాన్ని అదుపు చేసే జన్యువులో ఒక లోపం తరతరాలుగా వస్తుంటుంది. మామూలు రోజుల్లో దానివల్ల పెద్దగా ఇబ్బంది ఉండదు. వైరస్ సోకినప్పుడే చిక్కు. రక్తనాళాల లోపలి గోడలు వాస్తాయి, వాచినచోట గడ్డ మొదలవుతుంది, బ్రేకు సరిగ్గా పడని ఆ ఒంట్లో అది పెరుగుతూనే పోతుంది. కాలిలో పుట్టిన గడ్డ ఊపిరితిత్తులకు చేరితే మనిషి దక్కడం కష్టం. రక్తకావలి, గడ్డకు మూలమైన ఫైబ్రిన్ పోగులు అల్లుకోవడాన్ని మొదట్లోనే కనిపెట్టి, తన తిత్తిలోంచి మందును చుక్కలుగా వదులుతుంది.

దానికి రెండో పని కూడా ఉంది. పేరు వంశహెచ్చరిక. అదే లోపం ఉన్న రక్తబంధువులందరి పట్టీల మీదా ఆ క్షణంలోనే ఒక మాట కనిపిస్తుంది. "ఫలానావారికి వైరస్ సోకింది. మీకూ గడ్డ ప్రమాదం ఉంది. దగ్గరికి వెళ్ళకండి."

ఈ రెండో పనిని ప్రణవి పట్టుబట్టి పెట్టించింది. ఆమెకు పంతొమ్మిదేళ్ళప్పుడు తండ్రి వారం రోజుల జ్వరంతో పోయాడు. చూడటానికి వచ్చిన బాబాయి ఇరవై రోజులు తిరక్కుండా అలాగే పోయాడు. ఆయనకు ఫోన్ చేసి రప్పించింది అన్నయ్య తేజస్. ఎనిమిదేళ్ళ క్రితం రక్తకావలి ఆవిష్కరణ సభలో ప్రణవి ఆ రెండు చావులనూ తెర మీద బొమ్మగీసి చూపించింది. రెండు చుక్కల మధ్య గీత మీద "కొడుకు చేసిన ఫోన్" అని రాసింది. ముందు వరుసలో కూర్చున్న తేజస్ లేచి వెళ్ళిపోయాడు. ఆనాటినుంచి అన్నాచెల్లెళ్ళకు మాటల్లేవు. తాను రాసింది నిజమే కదా అని ఆమె సరిపెట్టుకుంది, కానీ ఆ బొమ్మను మళ్ళీ ఏ సభలోనూ చూపించలేదు.

ఆ సోమవారం గణాంకాలు చూసే ముబీనా మొహం వేలాడేసుకుని గదిలోకి వచ్చింది.

"మొదట జబ్బుపడ్డవాళ్ళు బతుకుతున్నారండి మేడమ్. చూడ్డానికెళ్ళిన చుట్టాలే పడిపోతన్నారు. కబురందిన పూటే నూటికి అరవై నాలుగు మంది వెళ్ళిపోతన్నారండి."

"వెళ్ళొద్దని రాశాం కదా!"

"రాసేమండి. పూర్వం కబురు చేరేసరికి జ్వరం తగ్గిపోయేది. ఇప్పుడు మనవే సెకనులో చేరేస్తన్నాం. ఒకే లోపం ఉన్నోళ్ళందర్నీ ఏరి, ఒకే మంచం చుట్టూ కూర్చోబెడుతున్నామండి."

వెళ్ళినవాళ్ళు ఒక ఫారం నింపాలి. ఎందుకు వెళ్ళారన్న గడిలో దాదాపు అందరూ ఒకటే రాశారు, మనసొప్పలేదని. ప్రణవికి ఒళ్ళు మండింది. ఇదొక కారణమా? ఇకమీద ఆ జవాబును స్వీకరించవద్దని, తిప్పి పంపమని ధమని అనే ప్రయోగశాల యంత్రమేధకు అప్పటికప్పుడే ఆదేశం ఇచ్చింది. తరువాత అడిగింది, "వాక్యం ఎలా మార్చమంటావు?"

"పదకొండుసార్లు మార్చాం. వాక్యంలో దోషం లేదు," అంది ధమని. "పేరు చూడగానే మిగతాది చదవడం మానేస్తున్నారు."

"పేరు తీసేస్తే?"

"పోయిన నెల తీసేసి చూశాం. ఎవరికి బాగాలేదో కనుక్కోవడానికి ఒక్కొక్కరు సగటున పంతొమ్మిది ఫోన్లు చేశారు. కనుక్కున్నాక వెళ్ళారు."

ముబీనా నవ్వు ఆపుకుంది. ప్రణవి ఆపుకోవలసిన అవసరం రాలేదు.

"చట్టం ప్రకారం ఒక్క బంధువుకైనా కబురు చేరాలి," అంది ధమని. "ఆ ఒక్కరినీ మాటల్లేని బంధువుల్లోంచి ఎంచుకుందాం. కబురందనివాళ్ళు ఎలాగూ వెళ్ళరు. అందినవాళ్ళు మొహం చూసుకోరు కాబట్టి వెళ్ళరు."

లెక్క చక్కగా ఉంది. ప్రణవి ఒప్పుకుంది. మొదటి పదిరోజుల్లో వెళ్ళినవాళ్ళు బాగా తగ్గారు. ముబీనా అందరికీ కాజాలు పంచింది.

పదకొండో రోజు మధ్యాహ్నం ప్రణవి పట్టీ రెండుసార్లు అదిరింది. సామర్లకోట. తేజస్. గడ్డ ప్రమాదం ఎక్కువ. దగ్గరికి వెళ్ళకండి.

"ఎవరెవరికి పంపావు?" అని అడిగింది.

"మీ ఒక్కరికే. బాబాయిగారి కొడుకులిద్దరికీ ఆయనతో మాటలున్నాయి. మీరు వెళ్ళరని నా అంచనా."

"వెళ్ళను," అంది ప్రణవి. రక్తకావలి తన పని తాను చేస్తుంది. తాను వెళ్ళి చేసేదేమీ లేదు. తన ఒంట్లోనూ అదే లోపం ఉంది, తనకిప్పుడు యాభై రెండేళ్ళు. ఇవన్నీ ఆమెకు తెలిసినంత బాగా మరెవరికీ తెలియదు. అన్నీ తెలిసే ఉన్న ఆమె, కాసేపటికి, వీధి చివర బత్తాయిలు ఏరుకుంటోంది.

సామర్లకోటలో ఇంటి గేటుకు లోపలివైపు తాళం వేసి ఉంది. దాని మీద అట్టముక్క వేలాడుతోంది. "జ్వరం. ఎవరూ రావద్దు." పెద్ద పెద్ద అక్షరాలు, అన్నయ్య చేతిరాతే. చప్పుడుకు తేజస్ తువ్వాలు ముక్కుకు అడ్డుపెట్టుకుని అరుగు మీదకు వచ్చాడు. మనిషి సగమైపోయాడు.

"నువ్వెందుకొచ్చేవే? వెళ్ళిపో!"

"పిల్లలేరి?"

"పంపించేసేను. ఎవరికీ ఫోన్ చెయ్యలేదు. నీ బొమ్మలో ఇంకో గీత గియ్యక్కర్లేదు."

ఎనిమిదేళ్ళుగా ఆయన ఆ గీతను మోస్తున్నాడు. "తప్పు నాదేరా అన్నయ్యా," అంది. "ఆ బొమ్మ అలా గీసి ఉండకూడదు."

చెల్లెలు ఎండలో, సంచి పట్టుకుని, గేటు బయట నిలబడి ఉంది. ఎదురింటివాళ్ళు కిటికీలోంచి చూస్తున్నారు. తేజస్ రెండుసార్లు లోపలికి వెళ్ళబోయి రెండుసార్లు ఆగాడు. చివరికి తాళంచెవి తెచ్చాడు.

"తియ్యకు. ఇక్కడ్నుంచే మాట్లాడతాను," అంది ప్రణవి.

"ఇంటికొచ్చిందాన్ని వీధిలో నిలబెట్టమంటావా? నాలుగు మజ్జిగ చుక్కలు తాగి పో."

తాగింది. మందు తిత్తి ఎంత మిగిలిందో చూసింది, కాలి వాపు చూసింది, నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. సాయంత్రం దాకా కూర్చుంది.

తేజస్‌కు ఆరో రోజున జ్వరం తగ్గింది. ఏడో రోజున ప్రణవికి వచ్చింది. ఆమె రక్తకావలి చుక్కలు వదలడం మొదలుపెట్టింది. మాటల్లేని బంధువు కోసం ధమని వెతికి, ఎవరూ దొరకడం లేదని ముబీనాకు రాసింది. చట్టం ఉంది కాబట్టి కబురు తేజస్‌కే వెళ్ళింది. ఆయన పళ్ళ దుకాణం దగ్గర ఉన్నానని ఫోన్ చేశాడు.

"అన్నయ్యా, రాకు. తాళం వేసుకున్నాను," అంది ప్రణవి. తరువాత మంచం దిగి, తాళంచెవి ఎక్కడుందో చూసి పెట్టుకుంది.

అంతలో పట్టీ మీద ఫారం తెరుచుకుంది. "హెచ్చరిక అందిన తరువాత కూడా మీరు వెళ్ళారు. ఎందుకు వెళ్ళారు?"

ప్రణవి చాలాసేపు ఆలోచించింది. వైద్య కారణాలు నాలుగు రాసి, నాలుగూ కొట్టేసింది. చివరికి ఒక్క మాట రాసి పంపింది.

"మనసొప్పలేదు."

క్షణంలో ఫారం తిరిగి వచ్చింది. "ఇది కారణం కాదు. దయచేసి సరైన కారణం రాయండి."